చెయ్యి కదిలిస్తే పోయే గొంతు

మొన్న ఆదివారం మధురవాడలో మా అపార్ట్‌మెంటుకి రెండు గంటలు కరెంటు తీసేశారు. ట్రాన్స్‌ఫార్మరు మారుస్తున్నామని ముందురోజే వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అయినా సరే, తీసిన ఐదో నిమిషం నుంచీ గ్రూపులో ఒకటే గోల. ఒకాయన లిఫ్టు గురించి, ఒకావిడ వాషింగ్ మెషీన్లో ఇరుక్కుపోయిన బట్టల గురించి, ఇంకొకాయన ఏకంగా ఈ దేశం గురించి. నేను ఫోను పక్కన పడేసి బాల్కనీలో కుర్చీ వేసుకున్నాను. ఫ్రిజ్జు ఆగింది, పక్కింటి ఏసీ ఆగింది, కింద నీళ్ళ మోటారు ఆగింది. ఇన్ని చప్పుళ్ళ మధ్య కాపురం చేస్తున్నామా అని ఆశ్చర్యం వేసింది. అప్పుడు గుర్తొచ్చింది, "కరెంటు ఎలిపోయిందే పాపా! సెట్టు తీ, సెట్టు తీ!" అంటూ చిన్నపిల్లలా హడావిడి పడే మనిషి. కరెంటు పోతే సంబరపడే మనిషిని నా యాభై ఎనిమిదేళ్ళలో ఒక్కర్తినే చూశాను. ఆవిడ మా పెద్దమ్మ.

పెద్దమ్మది కంచరపాలెం. రైలు పట్టాలకి ఇవతల, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తిరిగి దారివ్వాల్సిన సందులో రెండు గదుల డాబా. మా అమ్మ ఉద్యోగానికి వెళితే నన్ను సాకింది ఆవిడే. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. పదిహేడో ఏట ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో రేడియో విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో కాయిళ్ళు చుట్టే పనికి చేరింది. వెంట్రుకంత రాగితీగని చుట్టు మీద చుట్టు పడకుండా, లెక్క తప్పకుండా చుట్టాలి. ఆవిడ వేళ్ళ నెమ్మది చూసి రెండేళ్ళకే ట్యూనింగు బల్ల మీదికి మార్చారు. పాత రేడియోల్లో చిన్న చిన్న రేకు డబ్బాలుంటాయి, వాటి నడినెత్తిన మర లాంటిది ఒకటుంటుంది. దాన్ని పావు చుట్టు ఇటు తిప్పితే ఎక్కడో దూరాన ఉన్న స్టేషను పలుకుతుంది, అటు తిప్పితే సెట్టు మూగదైపోతుంది. ఇనప స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే ఆ ఇనుము కూడా సర్క్యూట్లో కలిసిపోయి, స్క్రూడ్రైవరు పైకి తియ్యగానే సర్దిందంతా చెడిపోతుంది. అందుకని ఆవిడ స్వెట్టర్లల్లే ప్లాస్టిక్ సూది కొన అరగదీసుకుని దాంతో తిప్పేది. కంపెనీ మూతబడినా ఆ సూది మాత్రం ఆవిడ జడలోనో, జాకెట్టు పిన్నీసుకో ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పాను. రెజొనెన్సు మీద గంటన్నర సేపు బోర్డు నిండా రాయగలను. కానీ పెద్దమ్మ సెట్టు ముందు కూర్చోబెడితే ఒక్క స్టేషను పట్టలేను. "పాటం సెప్పడానికి నోరు సాలే. పట్టడానికి ఏళ్ళు గావాల" అనేది. ఆవిడ యాసలో వేళ్ళూ ఏళ్ళే, సంవత్సరాలూ ఏళ్ళే. ఏ అర్థంతో అన్నదో ఏనాడూ అడగలేదు, ఏ అర్థంతో తీసుకున్నా నాకు తగిలేది.

ఆ సెట్టు సంగతి కొంచెం చెప్పాలి. కొన్నది కాదు, సొంతంగా చేసుకున్నది. ఒక ప్లైవుడ్ చెక్క, ఖాళీ పౌడరు డబ్బాకి చుట్టిన కాయిలు, రెండు మూడు ట్రాన్సిస్టర్లు, బ్యాటరీ, అరచేతిలో పట్టే స్పీకరు. దాని ప్రాణమంతా ఒక నాబులో ఉంటుంది. దాన్ని తిప్పుకుంటూ పోతే సెట్టుకి వినికిడి పెరుగుతూ పెరుగుతూ ఒక చోట కుయ్యిమని ఈల వేస్తుంది. ఈల వేసిందంటే హద్దు దాటినట్టు, ఇక దాని గోల అదే వింటుంది తప్ప ఎవరి మాటా వినదు. ఈల వెయ్యబోయి ఆగిన చోట, వెంట్రుకవాసి ఇవతల నిలబెట్టగలిగితే మాత్రం ఏడు సముద్రాల అవతల దగ్గు కూడా వినిపిస్తుంది. నిలబెట్టడమే విద్య. నేను తిప్పితే అయితే మూగ, కాకపోతే ఈల. "నీకు మజ్జిన ఉండడం రాదే" అని పెద్దమ్మ నవ్వేది. నిజమే, మా ఆయన కూడా అదే మాట అంటాడు.

ఆ సెట్టు మీద ఆవిడ రోజూ సాయంత్రం ఆరున్నరకి ఒక దూరదేశపు రేడియో వినేది. ఏడాదిలో సగం మంచు కురిసే దేశం. అక్కడి నుంచి షార్ట్‌వేవులో అరగంట తెలుగు కార్యక్రమం వచ్చేది. చదివేది ఆ దేశపు మనిషే. అక్కడి యూనివర్సిటీలో తెలుగు నేర్చుకుందట. పుస్తకంలోంచి దిగి వచ్చినట్టు "గౌరవనీయులైన శ్రోతలారా" అని ప్రతి అక్షరాన్నీ విడదీసి పలికేది. ముప్ఫై నాలుగేళ్ళ క్రితం పెద్దమ్మ ఆ స్టేషనుకి ఒక కార్డు రాసింది. మీ ప్రసారం ఎలా వినిపించిందో రాయండని వాళ్ళు అడుగుతారు. గట్టిదనానికి ఐదుకి ఇన్ని, స్పష్టతకి ఐదుకి ఇన్ని అని అంకెలు వెయ్యాలి. మన తెలుగు శ్రోతలు మర్యాదస్తులు కదా, భోజనానికి పిలిచినవాళ్ళ ఇంట్లో కూర బాలేదని ఎవరంటారు? అందరూ అన్నిటికీ ఐదుకి ఐదు వేసి పంపేవారు. పెద్దమ్మ ఒక్కర్తే రెండు వినిపిస్తే రెండనీ, ఒకటైతే ఒకటనీ రాసింది. నాలుగు నెలల తరవాత ఒక సాయంత్రం ఆ గొంతు రేడియోలో ఇలా అంది: "మా ఇంజనీర్లు కంచరపాలెం అక్కయ్యగారి ఉత్తరాన్ని గోడకు అంటించుకున్నారు. నిజం చెప్పిన శ్రోత ఆమె ఒక్కరే." ఆ రోజు నుంచి పెద్దమ్మ నేల మీద నడిచిందని నేను చెప్పలేను.

అప్పటి నుంచీ నెలకో ఉత్తరం. పెద్దమ్మ ఎలా మాట్లాడుతుందో అలాగే రాసేది, "మీరేటి సేత్తన్నారు, మాకిక్కడ ఎండలు మండిపోతన్నాయి" అని. పాపం ఆ అమ్మాయి నిఘంటువు దగ్గర పెట్టుకుని కూర్చుందేమో, ఒకసారి ప్రసారంలోనే అడిగింది: "అక్కయ్యగారు 'ఏటి' అని రాస్తున్నారు. వారు నది గురించి అడుగుతున్నారా, సంవత్సరం గురించి అడుగుతున్నారా?" పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వి, ఏటంటే ఏటో రెండు పేజీల ఉత్తరం రాసింది. ఆ తరవాత ఎప్పుడు ఆవిడ ఉత్తరం చదివినా ఆ గొంతు ముందుగా "ఏటి అక్కా, బాగున్నారా?" అనేది. చలిదేశపు నోట్లో మా ఉత్తరాంధ్ర మాట అలా బిగుసుకుపోయి వస్తుంటే వినడానికి నేను కూడా పని మానుకుని కూర్చునేదాన్ని. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. పెద్దమ్మ మాత్రం "ఆ అమ్మాయికి జలుబు సేసింది, గొంతు సూడు" అని ఇక్కడ అల్లం నూరేసేంత పని చేసేది. ఆ అమ్మాయికి అప్పటికే మనవలు పుట్టి ఉంటారని నేనంటే వినేది కాదు.

నాలుగేళ్ళ క్రితం, క్రిస్మస్‌కి రెండు వారాల ముందు, ఆ గొంతే చెప్పింది: ఈ నెలాఖరుతో తెలుగు ప్రసారాలు ఆపేస్తున్నారట. ఆఖరి రోజు శ్రోతల ఉత్తరాలకి జవాబులు చెబుతానంది. పెద్దమ్మ ఆ రాత్రే ఉత్తరం రాసి, ఈసారి పోస్టు అందదని నాకిచ్చింది. నేను ఫోటో తీసి వాళ్ళ మెయిలుకి పంపాను. అందిందని జవాబు వచ్చింది, ఆఖరి రోజు తప్పకుండా చదువుతామని కూడా. ఇక ఆవిడకి అదొక్కటే లోకం. ఆ రోజు ఆ జవాబుని తన సెట్టు మీద, తన చేత్తో పట్టి వినాలి.

చిక్కేమిటంటే, సందు మారిపోయింది. ఒకప్పుడు కంచరపాలెంలో రేడియోకి శత్రువు రైలు ఒక్కటే. పైన తీగలకి రాసుకుంటూ కరెంటింజను వెళితే ఒక నిమిషం చటచట, తరవాత మామూలే. ఇప్పుడు ఇంటికి పది ఎల్‌ఈడీ బల్బులు, నాలుగు చార్జర్లు, టీవీకో డబ్బా, ఇంటర్నెట్టుకో డబ్బా. అవి మనకి చప్పుడు చెయ్యవు, రేడియోకి చేస్తాయి. ఆ ఏడాది ఆ స్టేషను గొంతు మా సందులో జుయ్యిమనే హోరు కింద ఎక్కడో నలిగిపోయి వినిపించేది. కరెంటు పోయినప్పుడు మాత్రం స్వచ్ఛంగా వచ్చేది. అందుకే ఆ సంబరం.

నేను తెలివైనదాన్ని కదా, చటుక్కున పరిష్కారం చెప్పాను. "ఎందుకు పెద్దమ్మా ఈ పాట్లు? వాళ్ళ వెబ్‌సైట్లో అదే టైముకి వస్తుంది. నా ఫోన్లో గంటకొట్టినట్టు వినిపిస్తాను."

పెద్దమ్మ నా వంక చూసిన చూపు, నేను ఆరో తరగతిలో ఆవిడ సోల్డరింగు కడ్డీతో అప్పడం కాల్చినప్పటి తరవాత మళ్ళీ అప్పుడే చూశాను.

"ముప్పై ఏళ్ళు నాను పట్టి ఇన్నాను. ఆకర్రోజు ఎవులో పట్టింది ఇంటే, ఆ అమ్మాయికి నానేటని రిపోర్టు రాత్తాను? ఐదుకి ఐదా?"

మర్నాటి నుంచీ ఆవిడ పని మొదలుపెట్టింది.

మొదట శత్రువెవరో తెలుసుకోవాలి. చిన్న జేబు ట్రాన్సిస్టరు ముల్లుని ఏ స్టేషనూ పలకని చోట పెట్టి, దాన్ని చెవి దగ్గర పట్టుకుని సందంతా తిరిగింది. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టు ప్రతి గోడకీ ఆనించేది. "ఇది ట్యూబులైటు సోకు." "ఇది ఫోను సార్జరు, సవకరకం." "ఇది మీ మేడ మెట్ల కింద బల్బు, రేపో మాపో మాడిపోద్ది, సూసుకోండి." మూడో రోజున ఆ బల్బు నిజంగానే మాడిపోవడంతో సందులో ఆవిడ మాటకి విలువ పెరిగింది. వెనక నేను నోటు పుస్తకం పట్టుకుని, ఏ ఇంట్లో ఏ రకం హోరో రాసుకుంటూ నడిచాను. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, యాభై దాటాక మళ్ళీ ల్యాబు రికార్డు రాశాను.

అన్నిటికన్నా పెద్ద హోరు ఎవరింట్లోదో తేలిన రోజు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అది పెద్దమ్మ ఇంట్లోదే. రెండేళ్ళ క్రితం, పెద్దావిడ చీకట్లో ఇబ్బంది పడుతోందని నేను ముచ్చటపడి కొనిపెట్టిన ఇన్వర్టరు. ఉన్న ఒక్క సుఖం, కరెంటు పోయినప్పటి నిశ్శబ్దం, దాన్ని కూడా నా ప్రేమ మింగేసింది. కానీ పెద్దమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. "నాకు మొదటి రోజే తెలుసే. నువ్వొచ్చినప్పుడు ఏసి ఉంచుతన్నాను, నువ్వెలిపోయాక కట్టేత్తన్నాను" అంది. రెండేళ్ళు నాకు చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆవిడకి నవ్వొచ్చింది. ఆ ఇన్వర్టరు తెచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాం.

తరవాతది అసలు పని. ఆఖరి రోజు సాయంత్రం ఆరున్నర నుంచి ఏడు దాకా సందులో పద్నాలుగిళ్ళూ మెయిన్ స్విచ్చి కట్టెయ్యాలి. అడగడానికి ముందు తన ఇంటి మీద వెలుగుతున్న క్రిస్మస్ నక్షత్రాన్ని తీసి లోపల పెట్టేసింది. న్యూ ఇయరు దాకా ఉంచే నక్షత్రం అది. "నా సుక్క నాను తీసుకున్నాను, మీరు అరగంట మీ లైట్లు తియ్యలేరా?" అని అడిగితే ఎవరు మాత్రం కాదంటారు? అయినా అన్నారు. సందు మొదట్లో టిఫిను బండి పెట్టుకునే అతను పెద్దమ్మని పిన్నీ అంటాడు, ముందుగా అడ్డం తిరిగింది అతనే.

"అరగంట గ్రైండరు కట్టీమంతావేటి పిన్నీ? రేపొద్దున్న ఇడ్లీ ఎవులు ఏత్తారు?"

"నాలుగింటికే రుబ్బీరా. పిండి ఇంకో రెండు గంటలు ఎక్కువ పులుత్తది. నీ ఇడ్లీలు ఆ రోజన్నా మెత్తగా వత్తాయి."

ఎదురింటి కోడలికి సీరియలు బెంగ. ఆ రోజు అందులో అత్తగారు కోడల్ని ఇంట్లోంచి గెంటేస్తుందట, చూడకపోతే ఎలా?

"రేపు మళ్ళీ గెంటుద్దిలేయే, ఆవిడికి రోజూ అదే పని. నా టేసను రేపుండదు" అంది పెద్దమ్మ. ఆ అమ్మాయి వెంటనే మెయిన్ స్విచ్చి ఎక్కడుందో మామగారిని అడిగి కనుక్కుంది.

ఆ రోజు రానే వచ్చింది. క్రిస్మస్‌కి కొన్న కొవ్వొత్తులు మిగిలితే మధ్యాహ్నమే ఇంటికి రెండు చొప్పున పంచాం. ఇంట్లో కూర్చుంటే సందు చివరి వీధిదీపాల హోరు తగులుతోందని సెట్టుని మేడ మీదికి చేర్చాం. ఆరుంపావుకి ఒక్కో ఇల్లూ ఆరిపోతూ వచ్చింది. పెద్దమ్మ నాబు తిప్పి, స్పీకరుకి చెవి ఆనించి మొహం చిట్లించింది.

"ఇంకా ఒకటుందే."

జేబు ట్రాన్సిస్టరు పట్టుకుని కిందికి దిగింది. నేను కొవ్వొత్తితో వెనకాల. హోరు మమ్మల్ని పక్కింటికే తీసుకెళ్ళింది. అక్కడుండే మామ్మగారిది గోదావరి జిల్లా. భర్తకి పోర్టులో ఉద్యోగం వచ్చినప్పుడు కొత్త కోడలిగా వచ్చింది, అరవై ఏళ్ళయినా మాటలో గోదావరి పోలేదు. గడప దగ్గర చీకట్లో నిలబడి చేతులు జోడించింది.

"ఆయ్, అన్నీ కట్టేశామండీ. ఫ్యాను, లైట్లు, ఫ్రిజ్జు, ఆఖరికి కాలింగు బెల్లు కూడానండీ."

ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. కానీ జేబు ట్రాన్సిస్టరు ఆ గడప దగ్గర కందిరీగల తుట్టెలా మోగుతోంది. పెద్దమ్మ దాన్ని పట్టుకుని లోపలికి చూసింది. దేవుడి గూట్లో ఎర్రగా చిన్న కరెంటు దీపం మినుకుమినుకుమంటోంది. పక్కనే గోడకి గుచ్చిన మంత్రాల డబ్బా మంద్రంగా జపం చేస్తోంది. అదీ సంగతి. మెయిన్ స్విచ్చి కడితే దేవుడి దీపం పోతుందని, ఒక్కో స్విచ్చీ విడివిడిగా కట్టింది మామ్మగారు. దేవుడి దీపం కరెంటు ఖాతాలోకి వస్తుందని ఆవిడకి తోచలేదు. నిజం చెప్పాలంటే నా నోటు పుస్తకానికీ తోచలేదు. పద్నాలుగిళ్ళ చార్జర్లు రాసుకున్నాను గానీ ఒక్క దేవుడి గూడు రాసుకోలేదు.

డబ్బా వరకూ ఆవిడ వెంటనే తీసేసింది. దీపం దగ్గరే ఆగిపోయింది. తాతగారి గుండెకి ఆపరేషనైన నాటి నుంచి నలభై రోజుల దీపం మొక్కుకుందట. నూనె దీపమైతే చేతులు వణికి ఒలికిపోతోందని కొడుకు ఈ దీపం తెచ్చి పెట్టాడు. ఇంకా పదకొండు రోజులుంది.

"మధ్యలో కొండెక్కితే ఎలాగమ్మా? ఆయన ఇంకా లేచి నాలుగడుగులు వెయ్యట్లేదు" అంది మామ్మగారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను గడియారం చూశాను, ఆరూ ఇరవై రెండు. పెద్దమ్మ వైపు చూడలేకపోయాను. ముప్ఫై ఏళ్ళ స్నేహం ఒక వైపు, నలభై రోజుల మొక్కు ఒక వైపు. నేనైతే ఏమనేదాన్నో తెలియదు, బహుశా ఫోను తీసేదాన్ని.

పెద్దమ్మ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. "కొండెక్కొద్దు మామ్మగారూ. అలాటి మాటే ఒద్దు. ముందల నూని దీపం ఎలిగిద్దాం. అది నిలబడ్డాక దీన్ని తీద్దాం. ఎలుగు ఆగదు గదా? నా పని అయిపోగానే నానే వచ్చి మల్లా దీన్ని ఎలిగించి, అప్పుడు దాన్ని తీత్తాను."

మామ్మగారు కళ్ళు తుడుచుకుంది. "ఆయ్, అలాగైతే దోషం లేదండీ" అంది.

దూది ఎక్కడుందో చెప్పింది. జీవితమంతా కాయిళ్ళు చుట్టిన వేళ్ళు కదా, పెద్దమ్మ రెండు చిటికెల్లో వత్తి చేసేసింది. ప్రమిదలో నూనె నేను పోశాను. మామ్మగారి వణికే చేతిని పెద్దమ్మ తన చేత్తో పట్టుకుని, మా కొవ్వొత్తితో వత్తి అంటింపించింది. మంట నిలబడిందాకా ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం. అప్పుడు మామ్మగారే వంగి మెయిన్ స్విచ్చి కట్టేసింది. "మీరు వెళ్ళండమ్మా, దీపం దగ్గర నేను కూర్చుంటాను" అంది.

డెబ్భై ఐదు దాటిన మనిషి ఆ మెట్లు ఎలా ఎక్కిందో ఇప్పటికీ నాకు వింతే. ఆరూ ఇరవై తొమ్మిది. సందంతా చీకటి. ఇళ్ళల్లో చేసేదేమీ లేక జనమంతా మేడలెక్కారు. పెద్దమ్మ నాబు తిప్పింది. ఈల వచ్చింది. వెంట్రుకవాసి వెనక్కి తెచ్చింది. అంతే, దూరాన, పలచగా, శుభ్రంగా, ఆ స్టేషను వాయిద్యం. నాలుగు మేడల మీద మనుషులు పిట్టగోడల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. పెద్దమ్మ తృప్తిగా చెయ్యి వెనక్కి తీసుకుంది. స్టేషను మాయమైంది.

మళ్ళీ నాబు మీద చెయ్యి పెట్టింది, స్టేషను వచ్చింది. తీసింది, పోయింది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. కింద ఉన్నప్పుడు సెట్టుకి కుళాయి గొట్టానికి కట్టిన ఎర్తు తీగ ఉండేది, అది మేడ మీదికి చాలలేదు. ఎర్తు లేకపోయేసరికి దగ్గరున్న మనిషి చెయ్యే సర్క్యూట్లో భాగమైపోయింది. మళ్ళీ సర్దడానికి టైము లేదు. వాయిద్యం అయిపోయి "గౌరవనీయులైన శ్రోతలారా" వచ్చేసింది.

"నా సెయ్యి ఇక్కడే ఉంటాది" అంది పెద్దమ్మ. కాయిలుకి రెండంగుళాల దూరంలో, గాలిలో, అరచెయ్యి అలాగే నిలబెట్టింది. పది నిమిషాలు గడిచేసరికి ఆ మోచెయ్యి వణకడం మొదలైంది. వణికితే గొంతు కూడా వణికేది. నేను మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో ఆ మోచేతిని కింద నుంచి ఎత్తి పట్టుకున్నాను. "నువ్వూ కదలకే. నువ్వు కదిలినా పోద్ది" అని పెదవులు కదలకుండా చెప్పింది. ఎవరెవరివో ఉత్తరాలు, ఎవరెవరికో జవాబులు. మధ్యలో గూడ్సు బండి ఒకటి వెళ్ళి అర నిమిషం చటచటలాడించింది. ఆవిడ చెయ్యి కదల్లేదు. దోమ కుట్టింది, నాకు కనిపిస్తోంది, కదల్లేదు. చెమట కంట్లోకి దిగింది, కదల్లేదు. నా చేతుల్లో ఆ ఎముకలు బిగుసుకుపోయి ఉండడం నాకు తెలుస్తోంది. అంత పట్టుదల ఒక మనిషి మోచేతిలో ఉంటుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆరూ యాభై ఆరుకి ఆ గొంతు అంది: "చివరి ఉత్తరం, కంచరపాలెం అక్కయ్యది." చదివింది. "నానేటి రాయను. నువ్వు మాటాడతన్నావు, నాను ఇంటన్నాను. ఇంతకంటే సుట్టరికం ఏటుంటాది? నువ్వు మానేసినా నాను ఇంటానే ఉంటాను." మా సందు మాటలు మంచుదేశపు నాలుక మీద ఒక్కొక్కటీ జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ వచ్చాయి. ఎదురు మేడ మీద ఎవరో ముక్కు ఎగబీల్చారు. తరవాత ఆ అమ్మాయి, పుస్తకంలోది కాని గొంతుతో, "ఏటి అక్కా... ఈ రోజు మీకు ఒక మాట చెప్పాలి" అంది.

పెద్దమ్మ చెయ్యి నోటి మీదికి వెళ్ళిపోయింది.

ఇరవై ఆరు నిమిషాలు దోమకీ చెమటకీ రైలుకీ కదలని చెయ్యి, ఆ ఒక్క మాటకి తనంతట తానే వెళ్ళి నోరు మూసుకుంది, ఆనందం పట్టలేక. స్పీకర్లో హోరు తప్ప ఏమీ లేదు. వెంటనే తెలుసుకుంది. చెయ్యి మళ్ళీ తెచ్చి పెట్టింది, కానీ అంతకు ముందున్న చోటు దొరకలేదు. ఇంకొంచెం ఇటు. ఈల. ఇంకొంచెం అటు. హోరు. నేను మనసులో అంకెలు లెక్కపెడుతున్నాను, ముప్ఫై దాకా వచ్చాయి. ముప్ఫై ఒకటికి గొంతు దొరికింది. "...అందరికీ సెలవు" అంటోంది. వాయిద్యం మోగింది. అది కూడా ఆగాక, స్టేషను వెనక ఎప్పుడూ ఉండే ఆ సన్నటి ఊపిరి లాంటిది, అది కూడా ఆగిపోయింది.

పెద్దమ్మ చెయ్యి మాత్రం అక్కడే ఉంది.

"ఎలిపోయిందా?" అంది.

"వెళ్ళిపోయింది పెద్దమ్మా."

"సెయ్యి ఒగ్గీనా?"

వదిలెయ్యనా అని నన్ను అడుగుతోంది. నా రెండు చేతులతోటీ ఆ చేతిని నెమ్మదిగా కిందికి దించాను. టిఫిను బండి అతను అవతలి మేడ మీంచి, మామూలుగా అరిచే గొంతు తగ్గించి, "పిన్నీ, కరెంటు ఏసీమంతావా?" అని అడిగాడు. "ఏసీండ్రా" అంది. ఒక్కో ఇల్లూ వెలిగింది. ఆవిడ లేచి, ఇచ్చిన మాట ప్రకారం ముందు మామ్మగారింటికి వెళ్ళి ఆ దీపం సంగతి చూసి వచ్చింది.

వచ్చాక కూర్చుని రిపోర్టు రాసింది. గట్టిదనం ఐదుకి రెండు. స్పష్టత ఐదుకి నాలుగు. కింద ఇలా రాసింది: "ఆకర్న అర నిమిషం ఇనపడనేదు. తప్పు మీ టేసనుది కాదు, నా సెయ్యిది." చదివేవాళ్ళు అక్కడ ఇక ఎవరూ ఉండరని తెలిసి కూడా మర్నాడు గోపాలపట్నం దాకా వెళ్ళి పెద్ద పోస్టాఫీసులో తన చేత్తో వేసి వచ్చింది. దగ్గర్లో ఉన్న డబ్బాని నమ్మదు. జవాబు రాలేదు, దాని కోసం చూసినట్టు కూడా కనిపించలేదు.

వారం తరవాత ఆ ఆఖరి ప్రసారం వెబ్‌సైట్లో దొరికితే నా ఫోన్లోకి దింపుకున్నాను. కంచరపాలెం వెళ్ళి, భయపడుతూనే చెప్పాను. "పెద్దమ్మా, ఆ అర నిమిషం నా దగ్గరుంది. నీకు చెప్పాలన్న మాట అందులో ఉంటుంది. పెట్టనా?"

ఆవిడ చాటలో బియ్యం ఏరుతోంది. వేళ్ళు ఆగాయి. ఆ మాట వినాలని ఆవిడకి ఎంతుందో నాకు కనిపించింది, మొహంలో దాచుకోవడం ఆవిడకి రాదు. ఫోను వైపు చూసింది. తరవాత మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది.

"ఒద్దులేయే. ఇనీసినానంటే అయిపోద్ది. ఇనకపోతే ఆ అమ్మాయి ఇంకా ఏదో సెప్తానే ఉంటాది."

నాలుగేళ్ళయింది. మధ్యలో రెండు ఫోన్లు మార్చాను, మారినప్పుడల్లా ఆ ఫైలు వచ్చిందా లేదా అని ముందు అదే చూసుకున్నాను. ఆవిడ వినంది నేనెలా వింటానని నేనూ వినలేదు. మా ఇద్దరి జీవితంలో గడిచిపోవాల్సిందంతా దాదాపు గడిచిపోయింది, ఆ అర నిమిషం ఒక్కటే మాకింకా ముందుంది.